పాత బండిలో క్యాట్‌కాన్, ఈజీఆర్ ఉంచాలా, పీకించాలా? ముందు ఫోన్‌తో చెక్ చేయండి

మీ కారుకు పదేళ్లు దాటాయా? అయితే ఏదో ఒక షెడ్డులో ఈ మాట వినే ఉంటారు. "క్యాట్ బ్లాక్ అయింది సార్, కోసి లోపలిది ఖాళీ చేసేద్దాం. పికప్ ఎలా వస్తుందో చూడండి." డీజిల్ కారైతే డైలాగ్ కొంచెం మారుతుంది. "ఈజీఆర్ మూసేసి మ్యాప్ వేయించేద్దాం. ఇక ఆ ఇంజిన్ లైట్ గోలే ఉండదు." బైక్ ఉన్నవాళ్లకైతే ఎవరూ చెప్పక్కర్లేదు, యూట్యూబ్ షార్ట్స్ చాలు.

ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే సైట్‌లో ఈ టాపిక్ ఏంటి అంటారా? ఇప్పుడీ పీకుడు సగం స్పానర్‌తో, సగం ల్యాప్‌టాప్‌తో జరుగుతోంది. ఇంకా ముఖ్యంగా, పీకాలా వద్దా అని తేల్చుకోవడానికి కావాల్సిన గ్యాడ్జెట్ మన దగ్గర ఆల్మోస్ట్ ఉన్నట్టే. రూ.500 నుంచి దొరికే ఒక ఓబీడీ డాంగిల్, మీ ఫోన్. అంతే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఉంచండి. కానీ "పర్యావరణం కోసం ఉంచండి" అని ఊరుకుంటే ఎవరూ వినరు, నేనూ విననేమో. పీకించమని చెప్పే కేసుల్లో చాలావాటిలో అసలు రోగం వేరే చోట ఉంటుంది. క్యాట్, ఈజీఆర్ ఆ రోగానికి బలైన పార్టులు. వాటిని తీసేస్తే రోగం పోదు, దాన్ని చూపించే లైట్ ఒక్కటే పోతుంది. మన భాషలో చెప్పాలంటే, ఫెయిల్ అవుతున్న టెస్ట్ కేస్‌ని కామెంట్ చేసి బిల్డ్ గ్రీన్ చేయడం లాంటిది.

మీ బండిలో అసలు ఏమున్నాయి

ముందు ఆర్‌సీ తీసి చూడండి. మన దేశంలో కొత్త పెట్రోల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలలో మొదలైంది. సీసం కలిసిన పెట్రోల్ క్యాట్‌ను చంపేస్తుంది కాబట్టి, అదే టైమ్‌లో సీసం లేని పెట్రోల్ కూడా తెచ్చారు. దేశమంతా సీసం పోయింది 2000లో. ఆ తర్వాత భారత్ స్టేజ్ రూల్స్ ఒక్కో మెట్టూ పెరిగాయి. ఇక్కడ మనవాళ్లు తెలుసుకోవాల్సిన చిన్న తేడా ఒకటుంది. బీఎస్4 హైదరాబాద్ లాంటి 13 నగరాల్లో 2010లోనే వచ్చింది, దేశమంతటికీ వచ్చేసరికి 2017 ఏప్రిల్ అయింది. అంటే 2012లో హైదరాబాద్‌లో కొన్న కారు బీఎస్4, అదే మోడల్ అదే ఏడాది ఇంకో జిల్లాలో కొంటే బీఎస్3 అయ్యే అవకాశం ఉంది. సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్లకు ఈ గొడవ బాగా తగులుతుంది. 2020 ఏప్రిల్ నుంచి అందరికీ బీఎస్6.

బీఎస్4 పెట్రోల్ కారంటే క్యాట్, దానికి ముందొకటి వెనకొకటి రెండు ఆక్సిజన్ సెన్సర్లు. బీఎస్4 డీజిల్ అంటే ఈజీఆర్ వాల్వ్, ఆక్సిడేషన్ క్యాట్. బీఎస్6 డీజిల్‌కి వీటి మీద డీపీఎఫ్, అంటే మసిని పట్టి ఉంచే ఫిల్టర్. బైకుల్లో అయితే సైలెన్సర్ పైపులో చిన్న క్యాట్, చాలా వాటిలో హెడ్ దగ్గర గాలి పంపే చిన్న వాల్వ్ ఉంటుంది.

క్యాట్ లోపల పెద్ద మెషినరీ ఏం లేదు. తేనెపట్టులా సన్నని గదులున్న సిరామిక్ ముద్ద, దాని మీద ప్లాటినమ్, పెల్లాడియమ్, రోడియమ్ పూత. సుమారు 250–300 డిగ్రీల దగ్గర పని మొదలుపెట్టి, కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని పెట్రోల్‌ను, నైట్రోజన్ ఆక్సైడ్‌లను హాని తక్కువున్న వాయువులుగా మారుస్తుంది. బాగా వేడెక్కిన మంచి క్యాట్ 90 శాతానికి పైగా శుభ్రం చేస్తుంది.

ఆ 90 దగ్గర ఒక్క క్షణం ఆగండి. 90 శాతం ఆపే వస్తువును తీసేస్తే పొగలో విషం 90 శాతం పెరగదు, పది రెట్లవుతుంది. మీరు క్యాట్ పీకించిన ఒక్క కారు బెంజ్ సర్కిల్ సిగ్నల్‌లో ఆగితే, మామూలు కార్లు పది నిలబడ్డట్టు లెక్క. ఆ పది కార్ల పొగ పీల్చేది ఏసీ వేసుకుని అద్దాలు ఎత్తుకున్న మీరు కాదు, మీ వెనక స్కూటీ మీద పిల్లను ముందు నిలబెట్టుకుని ఆగిన మనిషి.

పికప్ సంగతేంటి?

ఇక్కడ నిజాయితీగా మాట్లాడాలి. క్యాట్ నిజంగా మూసుకుపోయి ఉంటే, తీసేయగానే బండి ఎగిరి గంతేస్తుంది. అబద్ధం కాదు. ముక్కు మూసుకుపోయినవాడికి ముక్కు తెరిస్తే ఎలా ఉంటుందో అలాగే. కానీ అది క్యాట్ లేనందువల్ల వచ్చిన పవర్ కాదు, కంపెనీ ఇచ్చిన పాత పవరే తిరిగి వచ్చింది. కొత్త క్యాట్ పెట్టినా అంతే వస్తుంది.

క్యాట్ మంచిగా ఉన్న స్టాక్ బండిలో తీసేస్తే వచ్చేది చాలా తక్కువ. 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో సీట్లో కూర్చుని గుర్తుపట్టేంత తేడా ఉండదు. ఎక్కువగా మారేది సౌండ్. సౌండ్ పెరిగితే స్పీడ్ పెరిగినట్టు మన మెదడు నమ్మేస్తుంది. స్పీడోమీటర్‌ను, ఫోన్‌లో జీపీఎస్ టైమర్‌ను మాత్రం నమ్మించలేదు. రేస్ ట్రాక్ కోసం టర్బో, ఇంజెక్టర్లు, ఎగ్జాస్ట్ అన్నీ మార్చిన బండి లెక్క వేరు. అది రోడ్డు బండి కాదు, దాని గురించి ఇక్కడ మాట్లాడట్లేదు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. "క్యాట్ తీసేస్తాను, లేబర్ కూడా వద్దులే" అని ఎవరైనా ఉదారంగా అంటే, తీసిన క్యాట్ ఎక్కడికెళ్తుందో అడగండి. లోపల ఉన్న మెటల్స్‌కి స్క్రాప్ మార్కెట్లో మంచి రేటుంది. రోడియమ్ ధర 2021లో బంగారానికి పది రెట్లకు పైగా వెళ్లింది. మీ బండిలోంచి తీసినది మీ సొత్తు. డిక్కీలో పెట్టించుకోండి. అందరు మెకానిక్‌లూ ఇలాంటివాళ్లని కాదు, కానీ ఆ ప్రశ్న అడిగితే కొన్నిసార్లు సలహానే మారిపోతుంది.

రూ.500 డాంగిల్ ఏం చెబుతుంది

2013 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్4 కార్లకు ఓబీడీ2 తప్పనిసరి. చాలా మోడళ్లలో అంతకుముందే ఉంది. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర 16 పిన్నుల పోర్ట్ కనిపిస్తుంది. దానికి పెట్టే ఈఎల్ఎం327 రకం డాంగిల్స్ ఆన్‌లైన్‌లో బోలెడు. కొనేటప్పుడు మూడు జాగ్రత్తలు. మరీ చవకవాటి మీద "వెర్షన్ 2.1" అని రాసి ఉన్నా, వాటిలో చాలా క్లోన్లు కొన్ని కమాండ్లకు పలకవు. వెర్షన్ నంబర్ చూసి కాదు, మీ కారు మోడల్‌తో పనిచేసిందని రివ్యూల్లో ఉంటేనే కొనండి. ఐఫోన్ అయితే పాత బ్లూటూత్ రకం పనిచేయదు, వైఫై లేదా బ్లూటూత్ ఎల్ఈ ఉన్నది కావాలి. పని అయ్యాక డాంగిల్ తీసేయండి. రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీని తాగేస్తుంది, పైగా చాలావాటి పెయిరింగ్ పిన్ 1234. పక్కన పార్క్ చేసినవాడు కూడా కనెక్ట్ అవ్వొచ్చు.

యాప్ విషయానికొస్తే ఆండ్రాయిడ్‌లో టార్క్, రెండు ప్లాట్‌ఫామ్‌లలోనూ కార్ స్కానర్ బాగుంటాయి. ఇంజిన్‌ను పూర్తిగా వేడెక్కనివ్వండి, అంటే కనీసం 15 నిమిషాలు నడపండి. తర్వాత పెట్రోల్ కారులో ఈ గ్రాఫ్‌లు చూడండి.

క్యాట్ ముందున్న ఆక్సిజన్ సెన్సర్ మామూలు రకమైతే వోల్టేజ్ 0.1 నుంచి 0.9 మధ్య గబగబా పైకీ కిందకీ ఆడుతూ ఉండాలి. వెనక సెన్సర్ మాత్రం సుమారు 0.6–0.7 దగ్గర ప్రశాంతంగా ఉండాలి. వెనకది కూడా ముందుదానితో పోటీపడి డ్యాన్స్ చేస్తోందంటే క్యాట్ పని చేయట్లేదని అర్థం. పీ0420 కోడ్ వచ్చేది ఇందుకే. కొన్ని కార్లలో ముందు సెన్సర్ వైడ్‌బ్యాండ్ రకం ఉంటుంది. అప్పుడు అక్కడ వోల్టేజ్ ఆట కనిపించదు, కంగారుపడకండి, వెనకదాన్నే చూడండి.

ఇక అసలు గుట్టు ఉన్న గ్రాఫ్ వేరే. ఫ్యూయల్ ట్రిమ్. ఇంజిన్ కంప్యూటర్ తన లెక్కకు ఎంత పెట్రోల్ కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో శాతాల్లో చూపిస్తుంది. లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 10 దాటి ఉంటే ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా పెట్రోల్ ప్రెషర్ చాలట్లేదు. మైనస్ 10 కిందకి పోతే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, ఇంజెక్టర్ కారుతోందేమో చూడాలి. దీనికి తోడు పీ0300 నుంచి పీ0304 వరకు ఏ మిస్‌ఫైర్ కోడ్ కనిపించినా మీ విలన్ దొరికేసినట్టే. సిలిండర్‌లో కాలని పెట్రోల్ క్యాట్‌లోకి వెళ్లి అక్కడ కాలుతుంది. ఆ వేడికి తేనెపట్టు కరిగి ముద్దయిపోతుంది. అదే "బ్లాక్ అయిన క్యాట్". దాన్ని తీసేసినా మిస్‌ఫైర్ అలాగే ఉంటుంది, మైలేజీ అలాగే పోతుంది. ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా అంతే, ఆయిల్‌లోని ఫాస్ఫరస్, జింక్ క్యాట్ మీద పొరలా పేరుకుంటాయి. అందుకే ప్లగ్‌లు, కాయిల్ సంగతి చూడకుండా కొత్త క్యాట్ వేయించినా డబ్బు దండగే. కొత్తదీ చస్తుంది.

ఒకటి గుర్తుంచుకోండి. ఇంజిన్ లైట్ ఊరికే వెలగడం కాదు, ఆగి ఆగి మెరుస్తోందంటే, ఇప్పుడు జరుగుతున్న మిస్‌ఫైర్ క్యాట్‌ను కాల్చేస్తోందని కారు చెబుతోంది. షెడ్డు దాకా లాగకుండా పక్కన ఆపడం మేలు.

డాంగిల్ చెప్పలేనివీ ఉన్నాయి. క్యాట్ ఎంత మూసుకుందో అది నేరుగా చెప్పదు. ముందు ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగిస్తే తెలిసిపోతుంది, మంచి మెకానిక్ దగ్గర అది ఉంటుంది. ఇంకా సింపుల్ టెస్ట్, బండి పూర్తిగా చల్లారాక రబ్బరు సుత్తితో క్యాట్ మీద మెల్లగా తట్టడం. లోపల గలగలమంటే తేనెపట్టు విరిగిందని. పైపు జాయింట్ దగ్గర లీకున్నా పీ0420 రావచ్చు కాబట్టి, కోడ్ కనపడగానే క్యాట్‌కి శిక్ష వేయకండి.

ఒక డీజిల్ కారు కథ

మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య, విజయవాడలో ఉంటాడు. ఆయన దగ్గర 2013 డీజిల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది, లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. ఆరు నెలలుగా యాక్సిలరేటర్ తొక్కితే నల్లపొగ, పికప్ లేదు, ఇంజిన్ లైట్. ఒక షెడ్డులో ఈజీఆర్ రెండుసార్లు క్లీన్ చేశారు. రెండుసార్లూ నెలకే మళ్లీ మొదటికొచ్చింది. మూడోసారి "ఇక దీన్ని బ్లాంక్ చేసి ఆఫ్ మ్యాప్ వేసేద్దాం, పన్నెండు వేలు" అన్నారు. అన్నయ్య దాదాపు ఒప్పేసుకున్నాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు నా బ్యాగ్‌లో డాంగిల్ ఉంది కాబట్టి సరదాగా పెట్టి చూశాం.

ముందు ఈజీఆర్ గురించి ఒక్క ముక్క. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపి మంట వేడిని తగ్గించడం దాని పని. వేడి తగ్గితే నైట్రోజన్ ఆక్సైడ్‌లు తగ్గుతాయి. అది తెరుచుకున్నప్పుడు లోపలికి వచ్చే తాజా గాలి తగ్గాలి, అంటే ఎయిర్‌ఫ్లో సెన్సర్ రీడింగ్ పడాలి. అన్నయ్య కారులో ఐడిల్‌లో ఈజీఆర్ తెరవమని కమాండ్ వెళ్లగానే రీడింగ్ చక్కగా పడింది. అంటే వాల్వ్ బతికే ఉంది. కానీ మూడో గేర్‌లో గట్టిగా తొక్కినప్పుడు టర్బో ప్రెషర్ సగానికి మించి ఎక్కట్లేదు, గాలి సెన్సర్ మాత్రం గాలి బాగానే వస్తోందంటోంది. గాలి లోపలికి వస్తోంది, ఇంజిన్‌కి మాత్రం చేరట్లేదు. మధ్యలో ఎటు పోతోంది?

ఇంటర్‌కూలర్ హోస్. కింద పక్క, కంటికి కనపడని చోట, వేలు పట్టేంత చీలిక. గాలి అక్కడ బయటికి పోతుంటే ఇంజిన్ కంప్యూటర్ ఉన్న గాలికి మించి డీజిల్ పోస్తోంది. అది సరిగా కాలక మసి అవుతోంది. ఆ మసే ఈజీఆర్‌ను నెలనెలా మూసేస్తోంది. హోస్ మార్చి, ఈజీఆర్‌ను మూడోసారి క్లీన్ చేయించాం. మొత్తం ఖర్చు ఆ మ్యాప్ రేటులో సగం కూడా కాలేదు. దసరాకి అడిగితే లైట్ మళ్లీ రాలేదన్నాడు. ఈజీఆర్ మూసేసి ఉంటే? పొగ కాస్త తగ్గేదేమో, చీలిక మాత్రం అలాగే ఉండేది, ఒకరోజు పూర్తిగా చిరిగి హైవే మీద ఆగేది.

ఈజీఆర్ వ్యతిరేకులు చెప్పే దాంట్లోనూ నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయను. ఇంజిన్ ఆవిరిలోని ఆయిల్, ఈజీఆర్ మసి కలిసి ఇంటేక్ మానిఫోల్డ్‌లో తారులా పేరుకుంటాయి. ఈజీఆర్ లేకపోతే ఆ తారు తగ్గుతుంది. ఓపెన్ చేసిన మానిఫోల్డ్ ఫొటో చూస్తే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. కానీ దానికి మందు 50–60 వేల కిలోమీటర్లకోసారి క్లీనింగ్, మంచి ఆయిల్, వారానికోసారి హైవే మీద ఇంజిన్‌ను కాస్త వేడిగా తిప్పడం. ఇవి ఖర్చులే, ఒప్పుకుంటా. డీజిల్ కారు తీసుకున్నప్పుడే ఆ ఖర్చూ వెంట వచ్చింది.

"ఆఫ్ మ్యాప్" అంటే ఏం చేస్తారు?

ఇది మన ఏరియా కాబట్టి కొంచెం లోపలికి వెళ్దాం. ఈసీయూలోని ఫైల్‌ను చదివి, ఈజీఆర్ ఎంత తెరవాలో చెప్పే టేబుల్ మొత్తాన్ని సున్నాలు చేస్తారు. తర్వాత "ఈజీఆర్ పని చేయట్లేదు" అని అరిచే ఎర్రర్ కోడ్‌ల లిస్ట్‌లోంచి ఆ కోడ్‌లను తీసేస్తారు. చెక్‌సమ్ సరిచేసి మళ్లీ రాస్తారు. చాలాచోట్ల ఈ ఫైల్ ఎక్కడో ఇంటర్నెట్‌లో కొన్నది, మీ కారు సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కి దగ్గరగా ఉన్నది. ఒరిజినల్ ఫైల్ బ్యాకప్ మీ చేతికి ఇస్తారా అని అడగండి. చాలాసార్లు నవ్వే సమాధానం. బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్ డేటాబేస్‌లో డిలీట్ కొట్టడం అన్నమాట. రేపు సర్వీస్ సెంటర్‌లో ఆ ఎర్రర్ కోడ్‌లు చూసి రోగం పట్టాలంటే కుదరదు, కోడ్‌లే లేవు కదా.

పెట్రోల్ కార్లలో దీనికి ఇంకో చవక వెర్షన్ ఉంది. వెనక ఆక్సిజన్ సెన్సర్ కింద చిన్న స్పేసర్ పెట్టి దాన్ని పొగకు దూరం జరుపుతారు. పొగ సరిగా అందక రీడింగ్ ప్రశాంతంగా కనిపిస్తుంది, లైట్ ఆరిపోతుంది. థర్మామీటర్‌ను నోట్లోంచి తీసి జ్వరం తగ్గిందనుకోవడం.

ఇదే పని ఒక కంపెనీ స్వయంగా చేసి పట్టుబడింది. 2015లో బయటపడ్డ ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారం గుర్తుందా? టెస్ట్ బెంచ్ మీద ఉన్నప్పుడు ఒకలా, రోడ్డు మీద ఇంకోలా ప్రవర్తించే కోడ్. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల కార్లు. ఇండియాలో ఆ ఏడాది డిసెంబర్‌లో 3,23,700 కార్లకు రీకాల్ ప్రకటించారు. అప్పుడు కంపెనీని తిట్టని టెక్ ఫోరమ్ లేదు. అదే కోడ్‌ను మనం డబ్బులిచ్చి వేయించుకుంటే "స్టేజ్ 1" అంటాం.

ఒక్కొక్కరు చేసేది కలిస్తే ఎంతవుతుందో అమెరికా లెక్కగట్టింది. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం, సుమారు పదేళ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్ ట్రక్కుల్లో ఈ పరికరాలు తీసేశారు. వాటి జీవితకాలంలో అదనంగా వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్‌లు 5,70,000 టన్నులు. కాలిఫోర్నియాలో సెకండ్ హ్యాండ్ కారు కొనే మన స్టూడెంట్స్‌కి ఒక సూచన కూడా. అక్కడ స్మాగ్ చెక్‌లో పొగ కొలవడమే కాదు, పరికరాలు ఉన్నాయా లేదా అని కంటితో కూడా చూస్తారు. 1975, అంతకు ముందు మోడల్ పెట్రోల్ కార్లకు మినహాయింపు ఉంది.

"పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తోందిగా?"

ఈ వాదన వినీ వినీ విసుగొచ్చింది. మన పీయూసీ టెస్ట్ ఏం కొలుస్తుందో చూద్దాం. పెట్రోల్ కారుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. బీఎస్4 కారుకు పరిమితి 0.3 శాతం, 200 పీపీఎం. క్యాట్ లేని బండి పైపులో ప్రోబ్ నిజంగా పెట్టి కొలిస్తే ఈ గీత దాటకుండా ఉండటం కష్టం. ప్రోబ్ నేల మీద పడేసి, నంబర్ ప్లేట్ ఫొటో తీసి సర్టిఫికెట్ ఇచ్చే బళ్లు మన రోడ్ల పక్కన ఎన్నున్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

డీజిల్‌కి కొలిచేది పొగ ఎంత చిక్కగా ఉందన్నది మాత్రమే. ఈజీఆర్ ఆపే నైట్రోజన్ ఆక్సైడ్‌లను ఆ మెషిన్ చూడనే చూడదు. కాబట్టి ఈజీఆర్ మూసేసిన కారు పీయూసీ పాసవుతుంది, కొన్నిసార్లు ఇంకా మంచి మార్కులతో. డీపీఎఫ్ ఆపే సన్నటి కణాలదీ అదే కథ. పాసవడానికీ శుభ్రంగా ఉండటానికీ ఇక్కడ సంబంధం లేదు.

చట్టం గురించి రెండు ముక్కలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న, కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకు ఓనర్‌కి ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. గాలి కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే సెక్షన్ 190 కింద రూ.10,000 దాకా ఫైన్, మూడు నెలల దాకా జైలు, లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్. క్యాట్ లేదని పోలీసులు కారు కింద దూరి చూడరు, నిజమే. బైక్ సౌండ్ మాత్రం వాళ్లకి వీధి చివర నుంచే వినిపిస్తుంది. పట్టుకున్న సైలెన్సర్లను రోడ్ రోలర్‌తో తొక్కించే వీడియోలు చూసే ఉంటారు.

డీపీఎఫ్: రాబోయే గొడవ

2020లో వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లు ఇప్పుడు వారంటీ దాటి సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వస్తున్నాయి. కాబట్టి తర్వాతి వంతు డీపీఎఫ్‌దే. ఇది మసిని పట్టి, నిండాక సుమారు 600 డిగ్రీల దగ్గర దాన్ని తనే కాల్చేసుకుంటుంది. ఆ పని జరగాలంటే కారు కాసేపు ఆగకుండా నడవాలి. రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి గంటసేపు మొదటి గేర్‌లో పాకే కారుకి ఆ అవకాశమే దొరకదు. కాల్చుకోవడం మొదలవుతుంది, సిగ్నల్ పడుతుంది, ఆగిపోతుంది. అదనంగా పోసిన డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి లెవెల్ పెరుగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గకుండా పెరుగుతోందంటే సంతోషించకండి, వెంటనే మార్పించండి.

దీనికి మందు చాలా చవక. డాష్‌బోర్డ్‌లో డీపీఎఫ్ లైట్ రాగానే ఓఆర్ఆర్ ఎక్కి 20–30 నిమిషాలు స్థిరంగా నడపండి. విజయవాడ వాళ్లకి గుంటూరు హైవే ఉంది. అప్పటికీ నిండిపోయి ఉంటే స్కానర్‌తో బలవంతంగా కాల్పించొచ్చు, విప్పి క్లీన్ చేసేవాళ్లూ ఉన్నారు. పీకిస్తే పోయేదేంటో ఒక్క అంకె చాలు. కిలోమీటర్‌కి మసి పరిమితి బీఎస్4 డీజిల్ కారుకి 0.025 గ్రాములు, బీఎస్6కి 0.0045. అంత తేడా తెచ్చిన పార్టు ముఖ్యంగా ఇదే. సిటీలో రోజుకు పది కిలోమీటర్లు తిరిగేవాళ్లు అసలు డీజిల్ కొనడమే తప్పు ఎంపిక, ఆ కోపం ఫిల్టర్ మీద చూపించడం న్యాయం కాదు.

బైకుల గురించి తక్కువే చెప్తా, ఎందుకంటే అక్కడ వాదనే బలహీనం. హెడ్ దగ్గరి గాలి వాల్వ్ ఎగ్జాస్ట్ పోర్ట్‌లోకి తాజా గాలి పంపి మిగిలిన పెట్రోల్‌ను అక్కడే కాల్చేస్తుంది. అది సిలిండర్ బయట జరిగే పని, తీసేస్తే పవర్ పెరగడానికి దారే లేదు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పటపట శబ్దం తగ్గుతుందని మూయిస్తారు. చాలాసార్లు ఆ శబ్దం సైలెన్సర్ జాయింట్ గ్యాస్కెట్ లీకు వల్ల. చిన్న గ్యాస్కెట్ మార్చి చూడండి ముందు.

మరి నిజంగా చచ్చిపోయిన క్యాట్‌ని ఏం చేయాలి?

ఇదే అసలు కష్టమైన కేసు. పదిహేనేళ్ల కారు, మార్కెట్లో లక్ష రూపాయలు వస్తే గొప్ప. దానికి ఒరిజినల్ క్యాట్ అంటే కారు విలువలో పెద్ద ముక్క. "కారు కంటే క్యాట్ ఖరీదు" అని ఏడ్చేవాళ్లను నేను ఎగతాళి చేయను. ఆ కారుతో అమ్మానాన్నల్ని హాస్పిటల్‌కి తీసుకెళ్లేవాళ్లున్నారు, దాని మీదే బతికే వాళ్లున్నారు.

నేనైతే ఈ వరసలో వెళ్తా. ముందు మిస్‌ఫైర్, ఆయిల్, గాలి లీకులు సరిచేయిస్తా. కోడ్ చెరిపేసి వెయ్యి కిలోమీటర్లు తిప్పి మళ్లీ గ్రాఫ్ చూస్తా, ఎందుకంటే ఇంజిన్ బాగుపడ్డాక సగం ప్రాణంతో ఉన్న క్యాట్ ఇంకొన్నాళ్లు నెట్టుకొస్తుంది. అయినా వెనక సెన్సర్ ఆడుతూనే ఉంటే, అదే సైజు ఇంజిన్‌కి సరిపోయే ఆఫ్టర్‌మార్కెట్ క్యాట్ వెల్డింగ్ చేయిస్తా. ఒరిజినల్ కంటే బాగా చవక, ఒరిజినల్ అంత కాలం రాదు, కానీ ఖాళీ డబ్బా కంటే ఎంతో నయం. బిల్లు, పార్టు నంబర్ ఉన్నదే తీసుకోండి. పేరుకి క్యాట్, లోపల పూతే లేని డబ్బాలు కూడా మార్కెట్లో తిరుగుతున్నాయి. నెల తర్వాత డాంగిల్ పెడితే ఏది దొరికిందో తెలిసిపోతుంది. ఆ డబ్బూ లేకపోతే, మూసుకుపోకుండా గాలి పోతున్న నీరసమైన క్యాట్‌ని అలాగే వదిలేయడం కూడా పీకించడం కంటే మేలే. 40 శాతం పని చేసేది సున్నా కంటే ఎక్కువ కదా.

సెకండ్ హ్యాండ్ కొంటున్నారా?

అయితే డాంగిల్ జేబులో పెట్టుకునే వెళ్లండి. కోడ్‌లు లేకపోవడం చూసి మురిసిపోకండి, మీరొచ్చే అరగంట ముందు చెరిపేసి ఉండొచ్చు. యాప్‌లో "రెడీనెస్ మానిటర్స్" అని ఒక పేజీ ఉంటుంది. కోడ్‌లు చెరిపితే అవి కూడా రీసెట్ అవుతాయి. క్యాటలిస్ట్ ఎదురుగా "ఇంకా పూర్తికాలేదు" అని ఉంటే ఈమధ్యే ఎవరో కోడ్‌లు చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా కార్లు చూపిస్తాయి. అక్కడ 3 కిలోమీటర్లు అని ఉంటే ఎందుకని ఓనర్‌ని అడగండి. డీజిల్ అయితే ఐడిల్‌లో ఈజీఆర్ కమాండ్, గాలి సెన్సర్ రెండూ పక్కపక్కన పెట్టి ఐదు నిమిషాలు చూడండి. ఇంజిన్ వేడెక్కాక కూడా కమాండ్ ఎప్పుడూ సున్నా దగ్గరే ఉంటే ఆ కారులో మ్యాప్ మారి ఉండొచ్చు. అప్పుడు ఒరిజినల్ ఫైల్ తిరిగి రాయించి, మూసిన వాల్వ్ తెరిపించే ఖర్చు రేటులో తగ్గించమని బేరమాడండి. డాంగిల్ పెట్టనివ్వనంటే మాత్రం ఇంకో కారు చూసుకోండి.